ఎండుచేపల ఆటోలో లినక్స్

నా ఉద్యోగంలో నాకు దక్కిన అధికారమల్లా ఒక తాళాల గుత్తి. మొదట్లో సైన్సు ల్యాబు తాళాలు, తర్వాత కంప్యూటర్ గది తాళాలు. ల్యాబ్ అసిస్టెంటు పాఠం చెప్పడు, ఫైలు రాయడు. వస్తువులు చూసుకుంటాడు. చేరిన కొత్తలో ఒక స్క్రూగేజి కనబడకుండా పోతే నాకు మెమో ఇచ్చారు. మూడు నెలల తర్వాత ఆ స్క్రూగేజి బీరువా వెనక దొరికింది గాని, మెమోని మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తాళం వేసిన వస్తువు పోదని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. రిటైరయ్యే ముందు ఒక రోజు ఆ నమ్మకమే నన్ను నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చేసింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. మీరు వినకపోయినా నాకు కోపం లేదు. మీ వయసులో నేనూ ఎవరి మాటా వినలేదు.

మా ఇల్లు కొత్తవలసలో. పని శృంగవరపుకోట దగ్గర ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలలో. రోజూ పొద్దున్న పాసింజరు ఎక్కి కోటలో దిగేవాణ్ణి. మా బడిలో ఎనిమిది కంప్యూటర్లు ఉండేవి, ఎప్పుడో ఏదో పథకంలో వచ్చినవి. దుమ్ము పడకుండా వాటికి నేనే గుడ్డ కవర్లు కుట్టించాను. దుమ్మైతే పడలేదు గాని హార్డ్‌డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. చివరికి ఎనిమిదిలో ఒక్కటీ తెరుచుకోకుండా పోయింది. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఏదో మొరపెట్టుకుని ఆగిపోయేది.

ఆ గదికి ఒక కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్ ఉండేది. భోగాపురం వైపు సముద్రం ఒడ్డు పిల్ల. అప్పటికి ఆరేళ్లుగా పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతోంది. ఆమె భర్త ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద వేటకు పోయేవాడు. ఇక్కడ అత్తగారు ఎండుచేపలు అమ్మేది. మరిది ట్రాలీ ఆటో నడిపితే అత్తగారు వెనక గంపల మధ్య కూర్చుని కోట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. కోడలి ఉద్యోగం, అత్తగారి ఆటో, ఈ రెండింటి మీదే ఆ ఇల్లు నడిచేది.

ఆ ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. పనిచేయని కంప్యూటర్ గదుల్ని తనిఖీ చేసి కండెం చేస్తారట. కండెం అంటే ఇక తుక్కు కింద జమ. గది తుక్కయితే ఆ గదిలో పాఠం చెప్పే కాంట్రాక్టు కూడా అంతటితో సరి. ఆ కాగితం చదివిన రోజు ఇన్‌స్ట్రక్టర్ అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ మూత పెట్టేసింది.

"ఏటి సేద్దాం బాబాయి గారూ?" అని అడిగింది. నన్ను మొదట్నుంచీ బాబాయి గారూ అనే పిలిచేది.

ఉపాయం మళ్లీ ఆమే వెతికి తెచ్చింది. విండోస్ బదులు కంప్యూటరుని నడిపే చిన్న లినక్స్ ఒకటి ఉంది, పెన్‌డ్రైవులో పడుతుంది, దానికి హార్డ్‌డిస్కుతో పనే లేదు అంది. పాత కంప్యూటరుకి పెన్‌డ్రైవు గుచ్చి, మొదలయ్యేటప్పుడు ఒక మీట నొక్కి, ఇందులోంచి లేవమని చెబితే చాలట. మొత్తం సరుకు మెమరీలోకి ఎక్కేస్తుంది. ఎక్కాక పెన్‌డ్రైవు పీకేసినా కంప్యూటరు నడుస్తూనే ఉంటుంది. పీకి పక్కదానికి గుచ్చుకోవచ్చు. కట్టేస్తే మాత్రం అంతా పోతుంది, మర్నాడు మళ్లీ గుచ్చి లేపాలి. నేను నమ్మలేదు. పీకేశాక నడిచే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

మర్నాడు ఆమె ఇంటినుంచి ఒక పెన్‌డ్రైవు తెచ్చింది. ఆటోలో మైకు సెట్టుకి గుచ్చేదట అది. ఇద్దరం మధ్యాహ్నం కోట బజారులో నెట్ సెంటరుకి వెళ్లాం. లినక్స్ దించుకున్నాం. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించే ముందు తెర మీద ఒక పెట్టె వచ్చింది, ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని.

"ఇందులో ఏముందమ్మా?" అన్నాను.

"ఏటుంటాది బాబాయి గారూ, మా మరిది పాటలు."

పాటలే కదా అని నేను సరే నొక్కాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకున్నా నా వేలు మీద నాకే కోపం వస్తుంది. అన్నీ పోతాయని యంత్రం అంత మర్యాదగా అడిగినప్పుడు, ఒకసారి తెరిచి చూడాలి కదా.

బడికొచ్చి మొదటి కంప్యూటరుకి గుచ్చాం. రెండుసార్లు మొండికేసింది. మూడోసారి ఆమె ఏదో మీట నొక్కి వరస మార్చాక, తెర మీద గీతలు పరిగెత్తి, ఆ తర్వాత నీలం రంగు పరుచుకుంది. చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. ఆమె పెన్‌డ్రైవు పీకి నా చేతిలో పెట్టింది. కంప్యూటరు నడుస్తూనే ఉంది. సాయంత్రానికల్లా ఎనిమిదీ లేచాయి. నాకు సంతోషం పట్టలేదు. ఎనిమిదింటి గుడ్డ కవర్లూ నేనే మడతపెట్టాను.

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర ఒక మనిషి నా కోసం కాచుకుని ఉంది. యాభై ఐదు, అరవై ఉంటాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"నా గొంతు ఏటి సేసినావు బాబూ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఈలోగా ఇన్‌స్ట్రక్టర్ పరిగెత్తుకొచ్చి, మా అత్తగారండీ అని తల దించుకుంది. సంగతేమిటంటే ఆ పెన్‌డ్రైవులో పాటలు లేవు. ఈవిడ కేక ఉంది, అది మైకు సెట్టులోనే ఉంటుందని కోడలు అనుకుందట. ఎవరో ఫోనులో ఒకసారి రికార్డు చేసి ఎక్కించి ఇచ్చారట. ఆ ఫోను ఎప్పుడో పోయింది. రెండేళ్లుగా ఊరూరా మైకులో ఆ కేకే తిరుగుతోంది, ఈవిడ నోరు మెదపకుండా తూకం వేసి ఇస్తోంది. నిన్న సాయంత్రం కోడలు తిరిగిచ్చిన పెన్‌డ్రైవు గుచ్చి పల్లెలో మైకు పెడితే, మైకు మూగదైపోయింది.

"నిన్న సాయంత్రం నుంచి మూడూళ్లు అరిసినాను. సూడు, గొంతు పీలికలైపోనాది. ఉన్న గొంతు తుడిసీసినావు. కొత్త గొంతు ఎక్కడ్నించి తెత్తావు?"

"తప్పైపోయిందమ్మా," అన్నాను. అంతకన్నా ఏమంటాను? కంచే చేను మేసినట్టు, వస్తువులు కాపాడాల్సిన వాణ్ణి ఒక మనిషి గొంతే తుడిచేశాను.

ఇన్‌స్ట్రక్టరే దారి చూపించింది. లినక్స్‌లో రికార్డు చేసే సరంజామా కూడా ఉందట. నాలుగు రోజులకు అత్తగారి గొంతు బాగుపడ్డాక ల్యాబులోనే కేక తీసుకుందాం అంది. హెడ్‌మిస్ట్రెస్ గారు మొదట నొసలు ముడిచి, తర్వాత నవ్వి ఒప్పుకున్నారు.

అన్నమాట ప్రకారం నాలుగు రోజులకు ఆవిడ వచ్చింది. చెవులకు పెట్టుకునే మైకు ఒకటి ఉంటే ఆవిడ ముందు పెట్టాం. ఆవిడ ఆ కంప్యూటరుని ఎగాదిగా చూసి, "దీనికి ఇనపడతాదా?" అంది. ఇనపడుతుందన్నాం. మొదటిసారి బడి కదా అని సిగ్గుపడి గొంతులోనే గొణిగింది. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్‌మిస్ట్రెస్ గారే, "బడి అనుకోకమ్మా, బజారే అనుకో," అన్నారు.

అప్పుడు ఎత్తుకుంది ఆవిడ. "ఎండుసేపలమ్మో... నెత్తళ్లూ, కవ్వళ్లూ, ఎండురొయ్యిలమ్మో... గిన్ని ఒట్టుకుని రండమ్మో..." పక్క గదిలో లెక్కల పాఠం ఆగిపోయింది. కిటికీల నిండా ఆడపిల్లల మొహాలు. నేను కూడా నోరు తెరుచుకుని వింటున్నాను. సరిగ్గా ఆవిడ కేక ముగిస్తుండగా అటెండరు తలుపులోంచి తల పెట్టి, ఆటల గది తెరవాలి, తాళం ఏది అని సైగ చేశాడు. నాకు అలవాటైన మాట నోట్లోంచి వచ్చేసింది.

"తాళం నా దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వను."

అది కూడా రికార్డయిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ తోక కత్తిరిద్దామని చూసింది గాని, ఈలోగా గంట కొట్టారు, పిల్లలు తోసుకొచ్చేశారు. అత్తగారు ఒకసారి వెనక్కి వేయించుకుని విని, "ఒగ్గీ అమ్మా, బాగున్నాది," అంది.

ఈ గొడవలో ఇన్‌స్ట్రక్టర్ ఇంకో విద్య నేర్చుకుంది. మేం మొదట చేసిన పద్ధతి పెన్‌డ్రైవుని మొత్తం చదును చేసి లినక్స్‌ని పరుస్తుంది. రెండో పద్ధతిలో ఉన్న సరుకుని కదపకుండా, దాని పక్కనే లినక్స్‌ని సర్దవచ్చు. ఆటో పెన్‌డ్రైవులో కేకతో పాటు అలా లినక్స్ కూడా పెట్టి చూసింది. లేచింది.

"తిరిగి ఇచ్చేసేదే కదమ్మా, ఎండుచేపల బండికి లినక్స్ ఎందుకు? తీసెయ్," అన్నాను.

"ఉండనీండి బాబాయి గారూ, బరువా ఏటి?" అంది.

బడికి మాత్రం కొత్త పెన్‌డ్రైవు ఒకటి తెప్పించి, అందులో లినక్స్ ఎక్కించి, దాన్ని నా స్వాధీనంలోకి తీసుకున్నాను. ఆమె అప్పుడే అడిగింది, ఇంకో రెండు మూడు చేసి ఉంచుదామని, పెద్ద తరగతి పిల్లలకి కూడా తలా ఒకటి ఇస్తే ఇళ్ల దగ్గర చేసి చూసుకుంటారని.

"ఒక్కటి చాలు కదమ్మా. పీకి గుచ్చుకోవడమే కదా. పది చేస్తే పదీ పోతాయి."

"బీరువాలోనైనా పెట్టండి. ఇంటికెందుకు పట్టుకెళ్తన్నారు?"

"బీరువాలో ఎలకలున్నాయి," అన్నాను. అది నిజమే. అసలు సంగతి మాత్రం, అది నా జేబులో ఉంటేనే నాకు నిద్ర పట్టేది. కళ్లద్దాల డబ్బాలో పెట్టుకుని రోజూ కొత్తవలస తీసుకుపోయేవాణ్ణి, తెచ్చేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనేవాడితో ఎవరు వాదిస్తారు?

తనిఖీ రోజు రానే వచ్చింది. ముందురోజు ఆమె మరీ మరీ చెప్పింది, "ఈ ఒక్కరోజూ బస్సుకి వచ్చేయండి బాబాయి గారూ. బండిని నమ్మలేం." ఇన్నేళ్లలో పాసింజరు నన్ను మోసం చెయ్యలేదన్నాను. నిజానికి చాలాసార్లు చేసింది. కాని ఆలస్యంగా వెళ్లినా అడిగేవాళ్లు ఉండేవారు కాదు కాబట్టి, అది మోసమని నాకు తెలియలేదు.

మల్లివీడు దాటాక పొలాల మధ్య బండి ఆగిపోయింది. ముందు ఇనుప రాయి మోసుకెళ్లే గూడ్సు ఏదో మొరాయించిందట. పది నిమిషాలన్నారు. అర గంటైంది. తోటి ప్రయాణికులు చింతచెట్టు నీడకి దిగి బీడీలు ముట్టించుకున్నారు. పది కావస్తుండగా నా ఫోను మోగింది.

"ఎక్కడున్నారు బాబాయి గారూ? తనిఖీ ఆయన పదిన్నరకి వచ్చేత్తారట."

"బండి ఆగిపోయిందమ్మా. ఇప్పుడే కదిలేస్తుంది."

"పెన్‌డ్రైవు?"

"నా జేబులో ఉంది."

అవతల పిల్లల గోల వినబడుతోంది. తర్వాత మెల్లగా, "సరేనండి," అని పెట్టేసింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఒక్క "సరేనండి" నన్ను కూర్చోనివ్వలేదు. ఆరేళ్ల ఉద్యోగం నా కళ్లద్దాల డబ్బాలో పెట్టుకుని పొలాల మధ్య కూర్చున్నాను. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అంటారు, ఆ శనిని నేనే. గది తాళానికైతే మారుతాళం హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర ఉండాలని రూలుంది. పెన్‌డ్రైవుకి ఏ రూలూ లేదు. ఉన్నదల్లా నా మొండితనం. బండి దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్ల మీద నడుచుకుంటూ రోడ్డెక్కాను. షేర్ ఆటో దొరికి బడికి చేరేసరికి పన్నెండు దాటింది.

గేటు లోపల ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఎండుచేపల వాసన వరండా దాకా కొడుతోంది. అత్తగారు మెట్ల మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. నన్ను చూసి, బొంగురు గొంతుతో, "జేబులోది అలగే ఉన్నాదా బాబూ? జాగర్త, పడిపోగల్దు," అంది.

ఆమె ఫోను పెట్టేశాక జరిగింది ఇదీ. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే మరిదికి ఫోను చేసింది. ఆటో అప్పుడు పక్క పల్లెలో ఉంది, బేరం మధ్యలో ఉంది. పెన్‌డ్రైవు కావాలి అనగానే ఈవిడ తూకం ఆపి, మైకులోంచి దాన్ని పీకించి, ఆటోని బడికి తిప్పించింది. దారిలో వచ్చిన రెండు ఊళ్లలోనూ నోటితోనే కేకేసుకుంటూ వచ్చిందట. కోడలి ఉద్యోగమూ పోకూడదు, బేరమూ పోకూడదు.

లోపలికి వెళ్లాను. ఎనిమిది తెరలూ నీలంగా వెలుగుతున్నాయి. ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరేసి పిల్లలు కూర్చుని ఏదో టైపు చేస్తున్నారు. చివర ఉపాధ్యాయుల బల్ల దగ్గర కంప్యూటరు ముందు అధికారి కూర్చుని ఉన్నారు. ఎనిమిదోది అదే కాబట్టి పెన్‌డ్రైవు ఇంకా దానికే గుచ్చి ఉంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కన నిలబడింది. నా వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

"నమస్కారం సార్. ల్యాబ్ అసిస్టెంటునండి. బండి ఆలస్యమైంది," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను పరీక్షగా చూశారు. "ఈ గొంతు ఇందాకే విన్నట్టుందే," అన్నారు.

పిల్లలు ముందే నవ్వడం మొదలుపెట్టారు. ఆయన మౌసుతో తెర మీద ఒక ఫైలు నొక్కారు. బల్ల మీది స్పీకర్లలోంచి, "ఎండుసేపలమ్మో..." అని కేక గదంతా నిండింది. నెత్తళ్లు, కవ్వళ్లు, ఎండురొయ్యలు వరసగా వచ్చాయి. చివర్న నా గొంతు, గంభీరంగా, "తాళం నా దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వను."

అప్పుడు ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేదు. మొహం మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నవ్వు ఆపుకుని ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగారు, "ఈ ఒక్కదాంతోనే ఎనిమిదీ లేపారా?"

"లేవడానికి ఒకటి చాలు సార్," అంది ఆమె. కొంచెం ఆగి, "ఒకటే ఉంటే మాత్రం చాలదు," అంది.

ఆ మాట ఆయనకి చెప్పింది గాని, తగలాల్సిన చోటే తగిలింది. ఆయన కాగితం మీద, గది పనిచేస్తున్నది అని రాసి సంతకం పెట్టారు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, అత్తగారి దగ్గర నెత్తళ్లు పొట్లం కట్టించుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను కళ్లద్దాల డబ్బా తెరిచి, పెన్‌డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టాను. "తప్పు నాదేనమ్మా. ఎన్ని చేస్తావో చేసుకో," అన్నాను.

"కోపం ఏటి నేదు బాబాయి గారూ," అంది. "పొద్దున్న మాత్రం బాగా ఏడుపొచ్చినాది."

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మెమో అందుకున్న రోజు కూడా నేను అంత బాధపడలేదు. నెల తిరక్కుండా పెద్ద తరగతి పిల్లల్లో సగం మంది దగ్గర లినక్స్ ఉంది. ఒకమ్మాయి వాళ్ల నాన్న కిరాణా కొట్టులో మూలపడ్డ కంప్యూటరుని లేపింది. కొన్ని పెన్‌డ్రైవులు పోయాయి కూడా. పోతే మళ్లీ చేసుకున్నారు. ఇన్నేళ్లూ నేను భయపడింది ఇంత చిన్న సంగతికా అనిపించింది.

తర్వాత రెండేళ్లకు నేను రిటైరయ్యాను. ఆమె కాంట్రాక్టు ఏడాదికేడాది పొడిగిస్తున్నారు, ఇంకా అక్కడే చెబుతోంది. మొన్న ఒక పెళ్లికని కోట దగ్గర పల్లెకి వెళ్లాను. పొద్దున్నే పందిట్లో కాఫీ తాగుతుంటే వీధి చివర కేక వినబడింది. ఎండుసేపలమ్మో... అదే గొంతు, ల్యాబులో తీసిన కేకే. కేక ముగుస్తుండగా వీధిలో ఆడుకుంటున్న పిల్లలందరూ ఆట ఆపి, మైకుతో పాటు గొంతు కలిపారు, "తాళం నా దగ్గరే ఉంది! ఎవరికీ ఇవ్వను!"

ఆటో ఆపించి అత్తగారిని పలకరించాను. దాన్ని ఇంకా కోసెయ్యలేదేమిటమ్మా అన్నాను.

"కోడలు కోసీత్తానన్నాది బాబూ. నానే వొద్దన్నాను," అంది ఆవిడ, నాకోసం నెత్తళ్లు ఏరుతూ. "ఆ మాట ఇనపడితేనే మా బండని ఊరికి తెలుస్తాది."

నా దగ్గర ఇప్పుడు ఏ తాళమూ లేదు. ఇంటి తాళం కూడా మా ఆవిడ కొంగునే ఉంటుంది. కోట చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం నా గొంతు రోజూ పొద్దున్నే అబద్ధం చెప్పుకుంటూ తిరుగుతోంది. ఆ అబద్ధం వినబడగానే జనం గిన్నెలు పట్టుకుని బయటికి వస్తున్నారు.